పెగ్గు: చెంబులోని చీల నుంచి క్వార్టర్ సీసా దాకా

పెగ్గు అన్న మాటకు అర్థం చెబుతూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికులకు సాయంత్రం పని దిగాక చలి తట్టుకోడానికి ఒక గ్లాసు బ్రాందీ ఇచ్చేవారట. దాన్ని వాళ్లు ఎంతో అపురూపంగా చూసుకుని ‘ప్రెషస్ ఈవినింగ్ గ్లాస్’ అని పిలుచుకునేవారట. ఆ మూడు మాటల్లో మొదటి అక్షరాలు పీ, ఈ, జీ కలిస్తే పెగ్ అయిందట. చదవడానికి బాగుంటుంది, నలుగురికీ పంపాలనిపిస్తుంది. కానీ అది నిజం కాదు.

మాటల చరిత్రలో ఇలాంటి కథలు కొల్లలు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని స్కూల్లో నేర్చుకోని పిల్లలు తక్కువ. నిజానికి ‘న్యూ’, అంటే కొత్త, అన్న మాటకు బహువచనమే న్యూస్: కొత్త సంగతులు. మాటల మొదటి అక్షరాలు పేర్చి కొత్త మాట చేయడం ఇంగ్లీషులో బాగా వాడుకలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే, అదీ ఎక్కువగా రెండు ప్రపంచ యుద్ధాల సైనిక పరిభాషతో. అంతకుముందే ఉన్న పాత మాటకు ఎవరైనా ఇలాంటి విరుపు చెబితే నూటికి తొంభై సార్లు అది తర్వాత ఎవరో కూర్చుని అల్లింది. పెగ్గు విషయంలో అనుమానించడానికి ఇంకో గట్టి కారణం కూడా ఉంది. కథ బ్రిటన్ గనుల్లో జరుగుతుంది, మాట మాత్రం బ్రిటన్‌లో నిలవలేదు. ఈ రోజు లండన్‌లో ఒక పబ్బుకు వెళ్లి విస్కీ ‘పెగ్’ కావాలంటే అక్కడి కుర్రాడికి అర్థం కాకపోవచ్చు. వాళ్లు సింగిల్, డబుల్ అంటారు. అమెరికాలో షాట్ అంటారు. మద్యాన్ని పెగ్గుల్లో లెక్కపెట్టేది ముఖ్యంగా మనమూ, మన చుట్టుపక్కల దేశాలవాళ్లూ. కాబట్టి ఈ మాట పుట్టుక వెతకాలంటే గనుల్లోకి దిగి లాభం లేదు.

పెగ్ అంటే ఇంగ్లీషులో మామూలు అర్థం చిన్న మేకు, చీల. గోడకు కొట్టి బట్టలు తగిలించేది, గుడారం తాళ్లు కట్టడానికి నేలలో దించేది. దానికీ తాగుడుకీ ఏమిటి సంబంధం?

సంబంధం ఒక పాత్రలో ఉంది. ‘పెగ్ ట్యాంకర్డ్’ అని యూరప్ మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చెక్కతోనో వెండితోనో చేసిన, మూతా పిడీ ఉన్న పెద్ద చెంబు. బయటి నుంచి చూస్తే ప్రత్యేకత ఏమీ ఉండదు. మూత తీసి లోపలికి తొంగి చూస్తే గోడకు పై నుంచి కింది దాకా ఒకే వరసలో చిన్న చీలలు కొట్టి ఉంటాయి. మామూలుగా వర్ణించే లెక్క ప్రకారం అందులో రెండు క్వార్టుల, అంటే సుమారు రెండుంపావు లీటర్ల, బీరు పడుతుంది, చీలలు దాన్ని ఎనిమిది వాటాలు చేస్తాయి. అంటే చీలకీ చీలకీ మధ్య అర పింట్, సుమారు మన పావు లీటరు పైచిలుకు. చెంబు ఒక్కటే, తాగేవాళ్లు చాలామంది. మొదటివాడు పై చీల బయటపడే దాకా తాగి పక్కవాడికి ఇస్తాడు. అతను రెండో చీల దాకా తాగి మూడోవాడికి అందిస్తాడు. ఎవరి వాటా ఎంతో చీలే చెబుతుంది. గొడవ లేదు.

ఈ పద్ధతిని ఇంగ్లండ్ రాజు ఎడ్గార్‌కు ముడిపెడతారు. ఆయన పాలన 959 నుంచి 975 దాకా. ఆ కథ చెప్పింది పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడు, మామ్స్‌బరీకి చెందిన విలియం అనే సన్యాసి. సత్రాల్లో కూర్చున్న జనం ఎవరెంత తాగారన్న దాని మీద కొట్టుకు చస్తున్నారని, ఆర్చిబిషప్ డన్‌స్టన్ సలహా మీద రాజు పాత్రల్లో బంగారు, వెండి చీలలు కొట్టించాడని, ఎవరి హద్దు వాళ్లకు తెలిస్తే తగవు ఉండదన్నది ఆయన ఉద్దేశమని విలియం రాశాడు. జరిగిందని చెప్పిన కాలానికీ రాసిన కాలానికీ నూట యాభై ఏళ్ల దూరం ఉంది. కాబట్టి ఎడ్గార్ సంగతి అక్షరాలా నమ్మనక్కర్లేదు. కానీ పన్నెండో శతాబ్దం నాటికి చీలల పాత్రలు ఉన్నాయని, వాటిని జనం తాగుడుకు హద్దుగా చూశారని మాత్రం ఆ రాత చెబుతోంది.

ఆ హద్దు ఎంత బాగా పనిచేసిందో తెలుసుకోవాలంటే 1102కు వెళ్లాలి. ఆ ఏడాది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్‌సెల్మ్ వెస్ట్‌మినిస్టర్‌లో చర్చి పెద్దల సభ పెట్టాడు. మతాచార్యులు తాగుడు విందులకు వెళ్లకూడదని, ‘చీలల దాకా’ తాగకూడదని ఆ సభ ఆంక్ష పెట్టింది. తాగుడు తగ్గించడానికి పెట్టిన గుర్తు మీద నిషేధం ఎందుకు అవసరమైంది? హద్దు పందెంగా మారింది కాబట్టి. వాటా ఖరారయ్యాక అంతకంటే తక్కువ తాగడం చేతకానితనం. సరిగ్గా చీల దగ్గర ఆపడం నేర్పు. పొరపాటున చీల దాటితే కింది చీల దాకా తాగాలి. వద్దనుకున్నవాడు కూడా వంతు వచ్చేసరికి తాగక తప్పదు. మన దగ్గర ‘ఈ ఒక్క రౌండే’ అని బలవంతపెట్టే స్నేహితుడు ఏ టేబుల్ మీదైనా ఒకడుంటాడు. రౌండ్ అన్న మాటలోనూ దాగి ఉన్నది చుట్టూ తిరిగే వంతే.

ఇక్కడ మన పాత కొలతలతో పోల్చి చూడాలి. కల్లుకు ముంత ఉంది, లొట్టి ఉంది, తెలంగాణలో బింకి ఉంది, తాటాకు రేకలో పోయించుకుని తాగడం ఉంది. ఇవన్నీ పాత్రల పేర్లు. ముంత కల్లు అంటే ముంత నిండా కల్లు. లెక్క పాత్రతో మొదలై పాత్రతోనే అయిపోతుంది. పెగ్గు అలా కాదు. అది పాత్ర పేరు కాదు, పాత్రలో ఒక గీత పేరు. నిండుగా ఉన్నదాన్ని ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తు. పెగ్గు అన్న మాట పుట్టుకలోనే వాటా, మోతాదు అన్న ఊహ ఉంది. ‘అపురూపమైన సాయంత్రపు గ్లాసు’ కథ నమ్మితే పోయేది ఇదే.

చీల అన్న అర్థం నుంచి ‘ఒక మెట్టు, ఒక అంచె’ అన్న అర్థం ఇంగ్లీషులో చాలా కాలం నిలిచింది. ఎవరి పొగరైనా దించితే ఒక పెగ్ కిందకి దించారని వాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ వాడుక తంతి వాద్యాలకు శ్రుతి చేసే బిరడల నుంచి వచ్చిందనీ, ఈ చెంబు నుంచే వచ్చిందనీ రెండు వాదనలున్నాయి. ఏదైనా, మెట్టుగా పెగ్ అన్న ఊహ ఇంగ్లీషువాళ్ల నోట సజీవంగా ఉండగానే వాళ్లు ఇండియాకు వచ్చారు.

1860ల నాటికి ఇక్కడి ఇంగ్లీషువాళ్ల రాతల్లో పెగ్ అచ్చులో కనిపిస్తుంది. అప్పుడు దాని అర్థం ముప్ఫై మిల్లీలీటర్లూ కాదు, అరవై కాదు. బ్రాందీ, సోడా కలిపిన ఒక గ్లాసు. అంతకుముందు తరంవాళ్లు బ్రాందీలో నీళ్లు కలుపుకుని దాన్ని ‘బ్రాందీ పానీ’ అనేవారు. పెగ్ ఎలా వచ్చిందని ఆ రోజుల్లోనే అడిగితే వాళ్లు చెప్పుకున్న జవాబు ఒకటుంది: ఒక్కో గ్లాసూ మన శవపేటికకు ఒక్కో మేకు. అది హాస్యమే, వ్యుత్పత్తి కాదు. కానీ ఆ హాస్యం వెనక దిగులుంది. కలరా, మలేరియా, ఎండదెబ్బ, పైగా తాగుడు. ఇంగ్లండ్ నుంచి ఓడ దిగిన కుర్రవాళ్లు కొన్నేళ్లకే ఇక్కడి శ్మశానాల్లో చేరడం వాళ్లకు రోజూ కనిపించే సంగతి. ‘ఇంకో మేకు కొట్టు’ అని నవ్వుకుంటూ గ్లాసు నింపుకోవడంలో ఆ భయం ఉంది. గనుల కథ అల్లినవాళ్లకు ఈ అసలు కథ తెలిసి ఉంటే దాన్నే పంచేవారేమో.

తర్వాత రెండు మార్పులు జరిగాయి. ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను నాశనం చేయడంతో పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో బ్రాందీకి కరువొచ్చింది. ఆ చోటులోకి స్కాచ్ విస్కీ వచ్చింది. అదే కాలంలో సోడా చవకైంది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు మెడలో గోలీ ఉండే సీసాకు పేటెంట్ తీసుకున్నాడు. మన ఊళ్లలో ‘కీచ్’మని కొట్టి ఇచ్చే గోలీ సోడా సీసా అదే. పేరు తెలియకపోయినా కాడ్ సీసా పట్టుకోని తెలుగువాడు ఒక తరం కిందట లేడు. ఇలా గ్లాసులో బ్రాందీ మారి విస్కీ వచ్చింది, పైన పోసేది ఎవరిష్టం వాళ్లదైంది. సారాయి ఎంత పోయాలన్న లెక్క ఒక్కటే మిగిలింది. పెగ్ అన్న మాట పానీయాన్ని వదిలి మళ్లీ తన పాత పనికి, అంటే కొలతకు వచ్చేసింది. క్లబ్బుల్లో బట్లర్లు హిందుస్తానీ తగిలించి ఛోటా పెగ్, బడా పెగ్ అన్నారు. పొద్దున్నే తెచ్చే టీని ఛోటా హాజరీ అన్న నోళ్లే అవి. కొలత సుమారుగా ఒక ఔన్సు, రెండు ఔన్సులు. ఒక ద్రవ ఔన్సు 28 మిల్లీలీటర్ల పైచిలుకు. దేశం 1956 చట్టంతో మెట్రిక్ బాట పట్టాక అవి గుండ్రంగా 30, 60 అయ్యాయి.

 

పటియాలా పెగ్గు సంగతి వేరు. 1900 నుంచి 1938 దాకా పటియాలా గద్దె మీద ఉన్న మహారాజా భూపిందర్ సింగ్‌కు ఆటలంటే ప్రాణం. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు ఆయనే కెప్టెన్. ఒకసారి వైస్రాయ్ తరఫు జట్టుతో పోటీ పడాల్సి వచ్చినప్పుడు ముందు రోజు రాత్రి విందులో వాళ్ల గ్లాసుల్లో రెట్టింపు పోయించాడని, పొద్దున తలలు పగిలిపోతుంటే వాళ్లు ఓడిపోయారని, ఫిర్యాదు చేస్తే ‘మా పటియాలాలో పెగ్గులు పెద్దవి’ అన్నాడని కథ. ఆట పోలో అని కొందరు, గుర్రం మీద దౌడు తీస్తూ నేలలో దించిన మేకును బల్లెంతో ఎత్తే టెంట్ పెగ్గింగ్ అని కొందరు. రెండోదే నిజమైతే పెగ్ అన్న మాట రెండర్థాల్లో ఒకే కథలో కూర్చుంది. చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా నాలుగు వేళ్లూ గ్లాసుకు ఆనించి ఆ ఎత్తు దాకా పోస్తే అది పటియాలా. సుమారు 120 మిల్లీలీటర్లని చెబుతారు గానీ, చెయ్యిని బట్టీ గ్లాసు వెడల్పును బట్టీ అది మారిపోతుంది. హద్దు కోసం పుట్టిన మాటకు హద్దు లేకుండా చేసిన విశేషణం ఇది.

తెలుగులోకి పెగ్ వచ్చేసరికి చివర ఉకారం చేరి పెగ్గు అయింది. బహువచనం వచ్చింది, క్రియలు వచ్చాయి. పెగ్గు పోస్తారు, కలుపుతారు, వేస్తారు, కొడతారు. ‘రెండు పెగ్గులేశాడు’ అంటే అది మన మాటే, ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నట్టు అనిపించదు. దానికి పక్కనే కూర్చున్న మాట ఇంకా చిత్రమైనది: మందు. జబ్బు తగ్గించేదీ మందే, తుపాకీలో దట్టించేదీ మందే, గ్లాసులో పోసేదీ మందే. ఈ మూడో అర్థానికీ రెండో అర్థానికీ ఇంగ్లీషువాళ్ల దగ్గర ఒక లంకె దొరుకుతుంది. సీసా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 42.8 శాతం అని ఉంటుంది. పక్కనే 75 డిగ్రీల ప్రూఫ్ అని కూడా కొన్నిటి మీద కనిపిస్తుంది. సారాయితో తడిపిన తుపాకీ మందుకు నిప్పు పెడితే అంటుకుంటే అది తగినంత ఘాటైన సరుకని రుజువు, అదే ప్రూఫ్ అన్నది పాత పరీక్ష అని చెబుతారు. తర్వాత సారాయి ఘాటు కొలిచే హైడ్రోమీటర్ అనే పరికరం వచ్చి బ్రిటిష్ లెక్కలో నూరు ప్రూఫ్ అంటే సుమారు 57.1 శాతం ఆల్కహాల్ అని ఖాయమైంది. అందులో నూటికి డెబ్భై అయిదు వంతులు కడితే సరిగ్గా 42.8 వస్తుంది. ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియనట్టుండే ఆ దశాంశం వెనక ఉన్నది ఈ పాత కొలమానం.

సీసా కొలతల్లోనూ ఇలాంటిదే ఉంది. పాత బ్రిటిష్ సీసాలో గ్యాలన్‌లో ఆరో వంతు, అంటే 757 మిల్లీలీటర్ల పైచిలుకు పట్టేది. అదే గుండ్రమై 750 అయింది. మనవాళ్లు దాన్ని ఫుల్ అంటారు. హాఫ్ 375. మరి క్వార్టర్? 750ని నాలుగు చేస్తే 187.5 రావాలి. క్వార్టర్ సీసా మీద ఉండేది 180. పేరు సీసా లెక్క, సరుకు పెగ్గుల లెక్క: 60 చొప్పున సరిగ్గా మూడు. నైంటీ, అంటే 90 మిల్లీలీటర్ల సీసా, ఒకటిన్నర. అందుకే నాలుగు క్వార్టర్లు కొంటే ఫుల్ కాదు, 720 మాత్రమే. తక్కువైన ఆ 30 మిల్లీలీటర్లు కచ్చితంగా ఒక చిన్న పెగ్గు. తాగేవాళ్లలో కూడా ఈ లెక్క వేసి చూసినవాళ్లు తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీసాల పేర్లు ఇంటింటి మాటలు కావడానికి ఒక రాజకీయ చరిత్ర ఉంది. ఎనభైల్లో పల్లె కూలీ తాగింది సారా. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో అమ్మించింది. అప్పటి లెక్క ‘ఒక ప్యాకెట్టు, రెండు ప్యాకెట్లు’. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో అది సడలిపోయింది. సారా మాత్రం చట్టబద్ధంగా తిరిగి రాలేదు. కూలీ చేతిలోని ప్యాకెట్టు స్థానంలోకి చీప్ లిక్కర్ క్వార్టర్ వచ్చింది. అంతకుముందు క్లబ్బుల్లో, ఆఫీసర్ల ఇళ్లలో తిరిగిన మాటలు పొలం గట్టు మీదికి వచ్చింది ప్రధానంగా ఆ మలుపులోనే అనుకోవాలి. ఆ ఆడవాళ్లు పోరాడింది ప్యాకెట్టు మీద కాదు, మగవాడి కూలి డబ్బులు ఇంటికి రాకపోవడం మీద. క్వార్టర్ వచ్చాక ఆ డబ్బులు ఇంకా వేగంగా ఖర్చయ్యాయన్న బాధ ఈ పేర్ల వెనక ఉంది.

పెగ్గు ఇప్పుడు చట్టం దృష్టిలో కూడా కొలతే. బార్లో వాడే పెగ్ మెజర్ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదై ఉండాలి. నడుము సన్నగా ఉండే డమరుకంలా ఉంటుంది: ఒక మూతి 30, తిరగేస్తే 60. వెయిటర్ దాన్ని టేబుల్ దగ్గరే నింపి ఒంచాలని పట్టుబట్టే కస్టమర్లు ఉంటారు, అందులో తప్పు లేదు. బార్ దాటి బయటికి వస్తే మాత్రం ఆ కొలత ఉండదు. ఇంట్లో పోసుకునే పెగ్గు పోసే చెయ్యి ఎంతంటే అంత. ‘రెండే పెగ్గులు తాగాను’ అని చెప్పేవాడు అబద్ధమాడకపోవచ్చు, కానీ ఆ రెండు నాలుగై ఉండవచ్చు. ‘పెగ్గు ముట్టను, బీరే’ అనేవాడి లెక్కా అలాంటిదే. 60 మిల్లీలీటర్ల విస్కీలో అసలు ఆల్కహాల్ 26 మిల్లీలీటర్ల లోపు. అయిదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసా తాగితే 32 దాటుతుంది. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు ఒక్క సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం.

వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్‌లో మెజర్ కనిపించదు. రెండు ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు, కాగితంలో పల్లీలు. ఇద్దరు కలిసి డబ్బులు వేసుకుని ఒక క్వార్టర్ తెచ్చుకుంటారు. దాన్ని కటింగ్ అంటారు. పంచే పని పెద్దవాడిది. అతను సీసాను కంటి ఎత్తుకు లేపుతాడు. మెడ దగ్గర సన్నగా ఉంటుంది కాబట్టి సగం ఎక్కడ ఉంటుందో చూపుతో సరిచూసుకుంటాడు. బొటనవేలి గోరు లేబుల్ మీద ఒక చోట ఆనిస్తాడు. రెండోవాడు ఆ గోరునే చూస్తూ ఉంటాడు. మొదటి గ్లాసులోకి ఒంచి, సీసా నిలబెట్టి, మందు గోటి దగ్గరికి దిగిందా లేదా చూసి, ఇంకో నాలుగు చుక్కలు పోస్తాడు. గోరు అక్కడి నుంచి కదలదు.